జేబులోని కార్డు

కుప్పం,
12-3-2006.

ప్రియమైన తమ్ముడు చెంగల్రాయుడికి,

నేను బాగున్నాను. తాంబరం ఆసుపత్రి ఎయిడ్స్ మాత్రలు ఒక్కపూట కూడా తప్పకుండా మింగుతున్నాను. మొన్న తూకం వేస్తే నలభై ఎనిమిది కిలోలు. మీ బావ చనిపోయిన ఏడు ముప్పై ఒకటి ఉండేదాన్ని, గుర్తుందా?

నిన్న స్టేషన్ దగ్గర టీ కొట్టువాడు అందరికీ గాజు గ్లాసులిచ్చి నాకు ప్లాస్టిక్ కప్పు ఇచ్చాడు. "ఏమప్పా, నాకు గ్లాసు లేదా?" అంటే పక్కవాణ్ణి చూసి నవ్వాడు. ఆ వేడి టీ వాడి మొహానే కొట్టాను. పోలీసులు వచ్చారు, పోయారు. నువ్వు తిట్టకు. పెద్దమండ్యంలో మరిది కృష్ణప్ప తల రోకలితో పగలగొట్టినదాన్ని, నాకు ఈ టీ ఒక లెక్కా? జబ్బుమనిషని కూడా చూడకుండా సొంత అన్న చెయ్యి విరగ్గొట్టాడు వాడు. మీ బావ ఆ విరిగిన చేత్తోనే పోయాడు. చచ్చినా ఆ గడప తొక్కను.

అది సరే. పాల కేంద్రం ఇంకొకరికి అప్పజెప్పి నువ్వు మాటిమాటికీ చెన్నై పోతున్నావని పాల వ్యాను తోలే అంజినప్ప చెప్పాడు. ఎవతె అది? మర్యాదగా రాయి. అబద్ధం రాస్తే వచ్చి వీపు చిట్లగొడతాను.

ఇట్లు,
నీ అక్క మునిలక్ష్మి.

పుంగనూరు,
2-4-2006.

ప్రియమైన అక్కకు,

ఎవతీ లేదు తల్లీ. నేను పోయేది సూది వేయించుకోవడానికి.

చెన్నైలో ఒక పరిశోధన కేంద్రంవాళ్లు ఎయిడ్స్ రాకుండా టీకా తయారు చేస్తున్నారు. జబ్బు లేని మనుషులు కావాలన్నారు. పేరిచ్చాను. డాక్టరమ్మ నాలుగుసార్లు కూర్చోబెట్టి చెప్పింది. టీకాలో బతికున్న జబ్బు పురుగు లేదట, దాని పోలికలు మాత్రమే ఉంటాయట. దానివల్ల జబ్బు రాదు. అది మనిషిని కాపాడుతుందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పుడు చూస్తున్నది హాని చేస్తుందా అన్నదే. ఇరవై ఏళ్లుగా ప్రపంచమంతా తంటాలు పడుతోందట. ఆ పురుగు పూటకో వేషం మారుస్తుందట.

ఒక చిక్కుంది. టీకా వేస్తే నా ఒంట్లో ఆ జబ్బును గుర్తుపట్టే సరుకు పుట్టవచ్చు. మామూలు రక్తపరీక్ష వెతికేది ఆ సరుకునే. కాబట్టి జబ్బు లేకపోయినా ఉందని చూపించవచ్చు. తేల్చాలంటే చెన్నైవాళ్లు వేరే పరీక్ష చేయాలి. అందుకే ఇదంతా రాసి, ఫోన్ నంబరు వేసి ఒక కార్డు ఇచ్చారు. చొక్కా మారిస్తే కార్డును కూడా ఆ జేబులోకి మారుస్తున్నాను.

ఎందుకు ఒప్పుకున్నావని మాత్రం అడగకు. ఎప్పుడో నేనే చెబుతాను.

నీ తమ్ముడు,
చెంగల్రాయుడు.

కుప్పం,
20-9-2006.

ప్రియమైన తమ్ముడికి,

అంజినప్ప ఇప్పుడే వచ్చి పోయాడు. క్యాన్లు మోసి మోసి వచ్చిన హెర్నియాకు ఆపరేషన్ చేయించుకుందామని మదనపల్లెలో ఏదో నర్సింగ్ హోముకు పోయావట. రక్తం చూసి ఎయిడ్స్ అని బయటికి పంపారట. నువ్వు బస్సు దిగేలోపే అక్కడి కాంపౌండరు నోటినుంచి మాట ఊరు చేరిందట.

"నా కండ్లతో సూసినానమ్మా" అని ఏడ్చాడు అంజినప్ప. "పాలన్నీ రోడ్డు మీద పోసినారు. రాయుడన్న ఆ పాలల్లోనే పడి ఉండాడు, నోట్లోంచి నెత్తురు కారతాండాది. 'మా బిడ్డలకు ఎయిడ్స్ పాలు పోస్తాండావా' అని క్యాను మూతలతో కొడతానే ఉండారు. ఆ హెర్నియా మీదనే తన్నినారు."

కార్డు ఏమైందిరా? ఒక్కసారి బయటికి తీసి ఉంటే ఆగేవాళ్లు కదా! నోరు లేదా నీకు? కొట్టినవాళ్ల పేర్లన్నీ వరసగా రాయి. కొడవలి నూరి పెట్టాను. ఒక్కొక్కడి ఇంటికీ పోతాను.

నీ అక్క,
మునిలక్ష్మి.

మదనపల్లె పెద్దాసుపత్రి,
5-10-2006.

ప్రియమైన అక్కకు,

ఇది చదివాక ఆ 'ప్రియమైన' నువ్వే కొట్టేయి.

మూడు పక్కటెముకలు విరిగాయి. రెండు పళ్లు పోయాయి. డాక్టరమ్మ చెన్నై నుంచి మనిషిని పంపి మళ్లీ రక్తం తీయించింది. జబ్బు లేదు.

మొదటి దెబ్బకే నా చెయ్యి జేబులోకి పోయింది. కార్డు వేళ్లకు తగిలింది. నాకు జబ్బు లేదన్న మాట నాలుక చివర ఉంది. అప్పుడు బావ గుర్తొచ్చాడు.

తొంభైతొమ్మిదిలో బావ పుంగనూరు వచ్చి, తనకు జబ్బుందని, నీకు కూడా అంటించానని మొదట నాకే చెప్పాడు. నేనప్పుడు వ్యాను టైరు మారుస్తున్నాను. చేతిలో జాకీ రాడ్డు ఉంది. దానితోనే కొట్టాను. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు. "సచ్చిపోయేవాణ్ణి, యాల కొడతాండావు రాయుడా" అన్నాడు.

నీకు లారీ మీదినుంచి పడ్డానని చెప్పాడు. నువ్వు నమ్మలేదు. ముందురోజు గొడవపడ్డాడని కృష్ణప్పను అనుమానించావు. బావ పోయిన మూడోనాడు వాడి తల పగలగొట్టావు. వాళ్లు నిన్ను జుట్టు పట్టి ఈడ్చి వీధిలో పడేశారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఆ టీకాకు పేరిచ్చింది ఇందుకే.

కార్డు చూపిస్తే వాళ్లు ఆగేవాళ్లే. జబ్బు లేనివాణ్ణి కొట్టామే అని ఆగేవాళ్లు. అంటే ఉన్నవాణ్ణి కొట్టవచ్చనే కదా? నేను కొట్టింది ఉన్నవాణ్ణే. కార్డును జేబులోనే వదిలేసి ఖాళీ చెయ్యి బయటికి తీశాను.

చెంగల్రాయుడు.

కుప్పం,
18-11-2007.

రాయుడికి,

నీ ఉత్తరం పొయ్యిలో వేసి మళ్లీ నేనే బయటికి లాగాను. సగం కాలింది. మిగతా సగం ఈ పదమూడు నెలలూ నా దగ్గరే ఉంది.

పోయినేడు దీపావళి వెళ్లిన వారం కొడవలి సంచిలో పెట్టుకుని నిన్ను చంపడానికే బస్సెక్కాను. పుంగనూరులో కిటికీలోంచి కనబడ్డావు. కేంద్రం ముందు ఖాళీ క్యాన్ల మధ్య కూర్చున్నావు. ఒక్కరూ పాలు తేలేదు. నేను దిగలేదు. దిగితే నరికేదాన్నే. మదనపల్లె దాకా టికెట్ తీసుకుని, అక్కడినుంచి పెద్దమండ్యం పోయాను.

కృష్ణప్ప వేరుశనక్కాయలు కొడుతున్నాడు. కొడవలి వాడి ముందు పడేశాను. "మీ అన్న చెయ్యి విరగ్గొట్టింది నువ్వు కాదు, నా తమ్ముడు. నీ తల ఊరకే పగలగొట్టినాను" అన్నాను. వాడు జుట్టు పక్కకు తీసి మచ్చ చూపించాడు. "ఏడేండ్లకు చెప్తాండావా వదినా" అన్నాడు. వాడి భార్య వాళ్లు తాగే చెంబుతోనే నాకు నీళ్లిచ్చింది. కొడవలి నాకు తిరిగిచ్చి బస్సెక్కించారు.

మొన్న తాంబరంలో విన్నాను. విదేశాల్లో పెద్ద టీకా పరీక్ష ఒకటి మధ్యలోనే ఆపేశారట. అది ఎవరినీ కాపాడలేదట. నీకు వేసినదానితో హాని కనబడలేదట, అంతకుమించి చెప్పలేరట. మళ్లీ మొదటినుంచి వెతకాలంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. నీ మీద కోపం పోయి కాదు, అది అలాగే ఉంది.

ఇప్పటికీ సగం ఊరు నీ కేంద్రానికి పాలు పోయడం లేదని అంజినప్ప చెప్పాడు. గురువారం వస్తున్నాను. పాలు పోసే వేళకు కేంద్రం ముందు నిలబడతాను. ఒక చేతిలో నీ కార్డు, ఇంకో చేతిలో నా మాత్రల పుస్తకం. "జబ్బు వీడికి లేదు, నాకుండాది. కొట్టేవాళ్లు నన్ను కొట్టండప్పా" అంటాను. కొడవలి సంచిలోనే ఉంటుంది.

ఆ తర్వాత ఇంట్లోకి పోయి తలుపు వేసుకుందాం. మీ బావ చేతికి బదులు నేను నిన్ను కొడతాను. ఆ దెబ్బలకు మాత్రం ఏ కార్డూ అడ్డం పెట్టకు.

ఇంకా నీ అక్కనే,
మునిలక్ష్మి.