డెబ్బై ఒక్క డిగ్రీల థర్మోస్టాట్

11 మే 2008, ఆదివారం
ఎండ నలభై నాలుగు. ఖర్కాయ్ నది బ్రిడ్జి మీద ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కుంటే చాలు, కారు టెంపరేచర్ ముల్లు కంటే ముందు నా బీపీ ఎక్కుతోంది. ఈరోజు కద్మాలో మా క్వార్టర్ ముందే బోనెట్ తెరిచి, కారు కంపెనీ ఇచ్చిన ఎనభై ఎనిమిది డిగ్రీల థర్మోస్టాట్ తీసేశాను. కలకత్తా నుంచి తెప్పించిన డెబ్బై ఒకటిది పెట్టాను. ఇది ముందే తెరుచుకుంటుంది, కూలెంట్ ముందే రేడియేటర్‌కి పోతుంది, ఇంజన్ చల్లగా ఉంటుంది. వసంతలక్ష్మి గుమ్మంలో నిలబడి, కంపెనీవాళ్ళకి ఆ మాత్రం తెలీదా ఏటి అంది. ఇంజన్ టెస్టింగ్‌లో ఇరవై రెండేళ్ళు చేసినవాడి భార్య అనాల్సిన మాటా అది!

12 మే
ముల్లు సగం దాటలేదు. నేనే గెలిచాను.

14 జులై, ఉదయం 7
వాన. డ్యూటీకి వెళ్తుంటే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు పసుప్పచ్చగా వెలిగింది. పోయిన వారమే ఆదిత్యపూర్ వర్క్‌షాప్‌లో తవిటయ్య సర్వీస్ చేసి కూలెంట్ మార్చాడు. మా శ్రీకాకుళం వైపువాడే, పద్దెనిమిదేళ్ళుగా అక్కడ హెడ్ మిస్త్రీ, అంటే పెద్ద మెకానిక్. నా అనుమానం అతని మీదికే పోయింది. థర్మోస్టాట్ గుర్తుకు రాలేదు. వచ్చిందేమో, నేనే రానివ్వలేదు.

16 జులై
స్కానర్ పెడితే పి-0128 అని వచ్చింది. ఇంజన్ అనుకున్న టైములో వేడెక్కడం లేదని అర్థం. తవిటయ్య వేడి కొలిచే సెన్సర్ మార్చాడు. లైటు పోయింది.

18 జులై
మళ్ళీ వచ్చింది.

19 జులై
రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయాలి.

తవిటయ్య థర్మోస్టాట్ విప్పి ఓనర్ దీపక్ టేబుల్ మీద పెట్టాడు. దీని మీద 71 అని ఉంది, ఈ బండికి 88 కదా, ఇది ఇంజన్‌ని వేడెక్కనివ్వడం లేదు, అందుకే కంప్యూటర్ లైటు వేస్తోంది అన్నాడు దీపక్. మావాళ్ళు కాక ఇంకెవరైనా బండి ముట్టుకున్నారా రావు సాబ్ అని అడిగాడు. పక్కనే మా డిపార్ట్‌మెంట్ జూనియర్ మైత్రి ఉంది, తన స్కూటీ కోసం వచ్చింది. అప్రూవల్ లేకుండా టెస్ట్ ఇంజన్‌కి గాస్కెట్ మార్చిందని పోయిన నెలే ఆమెకి మెమో ఇచ్చాను. ఎవరూ ముట్టుకోలేదు అన్నాను.

తవిటయ్య నావైపు చూశాడు. నేను గోడమీద కేలెండర్ చూశాను. అది తను పెట్టింది కాదని హిందీలో ఒక్కసారే అన్నాడు. దీపక్ నమ్మలేదు. కొత్త 88ది వేయించి, నాకు సారీ కూడా చెప్పాడు.

22 జులై
తవిటయ్యని ఇంజన్ పని నుంచి తీసేసి వాషింగ్‌లో పెట్టారు. యాభై నాలుగేళ్ళ మనిషి, పైపు పట్టుకుని టైర్లు కడుగుతున్నాడు. కారు దిగకుండానే వచ్చేశాను. ఛీ.

3 ఆగస్టు
వసంతలక్ష్మికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అన్నం వడ్డిస్తూ, ఆ మనిషి ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏటని చెప్పుకున్నాడోనండీ అంది. రేపు వెళ్ళి చెప్తాను.

4 ఆగస్టు
వెళ్ళలేదు.

17 సెప్టెంబర్, విశ్వకర్మ పూజ
ఏటా బండికి బొట్టు పెట్టించడానికి వెళ్తాను. ఈసారీ వెళ్ళాను, సిగ్గు లేకుండా. పందిరి, మైకు, బూందీ. మిస్త్రీలందరూ ఎవరి పానాలు వాళ్ళు తుడిచి విగ్రహం ముందు పెడుతున్నారు. తవిటయ్య వాషింగ్ గన్ తుడిచి పెట్టాడు.

ఇక ఆగలేకపోయాను. ఆ థర్మోస్టాట్ పెట్టింది నేనే, అబద్ధమాడాను అని అందరి ముందూ చెప్పేశాను. ముందు హిందీలో, తర్వాత తెలుగులో. దీపక్ నవ్వేశాడు. అరె రావు సాబ్, ఇంజనీర్లు ఎక్స్‌పెరిమెంట్ చేయకపోతే ఎవరు చేస్తారు అని నాకు కుర్చీ వేయించాడు. రెండు నెలలు ఒకడి చేత టైర్లు కడిగించిన తప్పు, నాదని తేలగానే ఎక్స్‌పెరిమెంట్ అయిపోయింది. ఆ కుర్చీలో కూర్చోలేదు.

తవిటయ్య దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. అది ఇప్పదీసిన రోజే నాకు తెలుసు బాబూ అన్నాడు. దాని బోల్టుల మీద పసుపు పెయింటు చుక్కలున్నాయట. బిగించాక చుక్క పెట్టడం మా ప్లాంటు అలవాటు, బయట మిస్త్రీలెవరూ పెట్టరు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరే సెప్తారని సూసినాను బాబూ అన్నాడు.

6 అక్టోబర్
బ్రేక్ ప్యాడ్లు మార్పించడానికి వెళ్ళాను. తవిటయ్య మళ్ళీ హెడ్ మిస్త్రీ. అమ్మగారు బాగున్నారా అని అడిగాడు. నా బండి పని మాత్రం ఇంకో మిస్త్రీకి ఇమ్మన్నాడు.