మైలవరం తాత ముద్ద

బెజవాడ,
14-6-1946

రామలింగం బావగారికి నమస్కారాలు.

మూగపిల్లను కన్న కోడలు మీ గడప తొక్కనక్కర్లేదని రాశారు. మన మనవరాలు చౌడేశ్వరి మూగది కాదు. మైలవరంలో మీ ఇంట్లో పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. ఆ మూడేళ్ల పిల్లకు తల్లి మాట వినబడే వేళ అన్నం వేళ ఒక్కటే. అప్పుడు ఎవరూ నోరు విప్పకూడదని మీ కట్టడి. శాస్త్రమన్నారు. నేనూ చదివాను లెండి. తినేవాడు మౌనంగా ఉండాలన్నారు గాని, పిల్లకు తినిపించే తల్లి నోరు కట్టుకోవాలని నాకెక్కడా కనబడలేదు.

నెల రోజులుగా ఇక్కడ మా అమ్మాయి, "ఇది పప్పు, ఇది నెయ్యి, ఇది అమ్మ ముద్ద, ఇది తాత ముద్ద" అంటూ తినిపిస్తోంది. పిల్ల మొదట "నెయ్యి" అంది. తరువాత "ఇంకా" అంది. నిన్న మా అమ్మాయి, ఎంతైనా మీ కోడలు కదా, "ఇది మైలవరం తాత ముద్ద" అంది. పిల్ల మూతి మీద వేలు పెట్టుకుని, "ష్! తాత తింటున్నాడు" అంది.

పుట్టాక దాని నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే, బావగారూ.

మీ పంక్తిలో పిల్లా తల్లీ మాట్లాడుకోవచ్చని మీ చేత్తో రాసి పంపండి. మర్నాడే ఇద్దరినీ బస్సెక్కిస్తాను. అంతవరకు మీ ముద్ద కూడా నా పేరు మీదే తింటుంది.

ఇట్లు,
మీ వియ్యంకుడు