ఇడ్లీలో పెద్దల వంతు

మంగళవారం, ఖమ్మం

తిన్నది అమ్మ పొట్టలోంచి ఎంత నెమ్మదిగా కదులుతోందో చూసే పరీక్ష ఇవాళ అయింది. స్కాన్‌లో కనిపించే మందు కలిపిన ఇడ్లీ ఇచ్చారు. అమ్మ ఎప్పటిలాగే ఓ ముక్క తుంచి, చనిపోయిన మా పెద్దలకని పక్కన పెట్టింది.

"మొత్తం తినాలమ్మా, లేకుంటే లెక్క తప్పుతది," అన్నాడు టెక్నీషియన్.

"వాళ్లకు పెట్టకుంట ఎట్ల తింట?" అంది అమ్మ. పక్కన పెట్టిన ముక్క తీసుకుని, "సరే, వాళ్ల వంతు గూడ నేనే తింట," అని నోట్లో వేసుకుంది.

మింగిన ఇడ్లీ తెర మీద కనపడడమేమిటో! నాలుగు గంటల తర్వాత కూడా చాలావరకు పొట్టలోనే వెలుగుతోంది. షుగర్ వల్ల పొట్టను కదిలించే నరాలు దెబ్బతిన్నాయేమో, డాక్టర్ రేపు చెబుతాడు. గుబులుగానే ఉంది, అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

అమ్మ కూడా వింతగా చూసింది.

"పెద్దోళ్లు గదా బిడ్డా, నిమ్మళంగ తింటుండ్రు."