కల్లం దగ్గు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం

చెల్లి కరుణకు, అక్క సుగుణ ప్రేమతో వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, మరిదిగారు, పిల్లలు ప్రభువు కృపలో క్షేమమని తలుస్తాను. నేనూ, మా ప్రశాంతీ బాగానే ఉన్నాం. చేతిలో ఫోనుండగా ఈ కాగితమేంటని నవ్వకు. ఫోనులో అయితే నువ్వు మాట దాటేస్తావు.

రిటైరై, మన ఊరు వదిలి అమ్మాయి దగ్గరికొచ్చి ఐదు నెలలైంది. అది పొద్దున్నే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మేడ మీద రెండు గదులు, నేను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ముప్పై ఏళ్ళు ఊరంతా నర్సమ్మా అని పిలిచిన మనిషిని, ఇక్కడ పక్కింటావిడకి నా పేరే తెలియదు. బుధవారం వచ్చిందంటే టీకాల బ్యాగు కోసం చెయ్యి దానంతటదే వెతికేది. ఎప్పుడు తీరిగ్గా కూర్చుంటానా అని ఉద్యోగమంతా ఏడ్చాను. తీరా కూర్చుంటే పిచ్చెక్కిపోయిందే. ఇక్కడ గోంగూరకీ రుచి లేదు. వీలైతే నీ చేతి పచ్చడి పంపు.

ఒకరోజు మా వీధి చివర ఆసుపత్రి ముందు మన దర్శి వైపు ముసలాయన చీటీ ఎక్కడ రాయించాలో తెలియక నిలబడ్డాడు. "ఏ ఊరు బాబాయ్ మనది?" అన్నాను. అంతే, ఆయన పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు అన్నం సయించింది. అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. మనవాళ్ళకి చీటీ రాయించడం, మందులు ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం. కాంపౌండరు నాకోసం కుర్చీ కూడా వేశాడు. బతికాన్రా దేవుడా అనుకున్నాను.

పోయిన గురువారం ఆ కుర్చీలో ఉండగానే మన ఏసమ్మను మొగుడు రెక్క పట్టుకుని నడిపించుకొచ్చాడు. నీతో మిరపకోతలకొచ్చే ఏసమ్మేనే! గుర్తుపట్టలేకపోయాను. ఎముకలకు చీర చుట్టినట్టుంది. ఛాతీ ఫోటో తీస్తే టీబీ, రెండు వైపులా ముదిరిపోయింది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని డాక్టరుగారు కేకలేశారు.

"నర్సమ్మగారు మిరప ఘాటని చెప్పారుగదండీ, అందుకే రాలేదు" అంది ఏసమ్మ. నన్ను తప్పుపట్టి కాదు. నామీద గౌరవంతోనే అంది.

నిజమే కరుణా, చెప్పాను. రెండేళ్ళ కిందట దగ్గుతూ వస్తే సీసా మందిచ్చి, "మిరపకాయలెండే కల్లంలో ఉన్నోళ్ళకి దగ్గు రాకపోతే ఇంకేమొస్తదే?" అన్నాను. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు, అదీ నవ్వింది. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించాలని మా సబ్‌సెంటర్ గోడమీద రాయించింది నేనే. కానీ మిరప సీజన్లో ఊరు ఊరంతా దగ్గుతుంటే ఎవర్నని పంపుతాంలే అనుకునేదాన్ని. సీజను అయిపోయాక కూడా అది దగ్గుతూనే ఉందని నేను చూడలేదు.

పెద్దాసుపత్రిలో చేర్పించాం. రోజూ వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. "ఈ ఏడు కోతలకి లేస్తానా అమ్మా?" అని నిన్న అడిగింది. లేస్తావన్నాను. లేవదు. అది నాకూ తెలుసు, దాని మొగుడికీ తెలుసు. ఏడుపొచ్చి వరండాలోకి పోయాను.

ఇక అసలు సంగతి. పొద్దున ఫోనులో నువ్వు దగ్గావు. ఎన్నాళ్ళనుంచే అంటే, "దసరా నుంచిలే, మిరప ఘాటక్కా" అని ఏసమ్మ అన్నట్టే అన్నావు. దసరాకి కల్లంలో మిరపకాయెక్కడిదే? నా ప్రాణం పోయినంత పనైంది. ఆ మాట మీకు నేర్పింది నేనే. తప్పు చెప్పాను, నన్ను క్షమించండి. కోతలకొచ్చే మిగతా ఆడవాళ్ళకీ నా పేరు చెప్పి ఈ ఉత్తరం చదివి వినిపించు. సిగ్గుపడను.

నువ్వు మాత్రం ఈ ఉత్తరం అందిన మర్నాడే మొదటి బస్సెక్కు. కోతలు పోతాయని, కూలి పోతుందని చెప్పకు. పచ్చడి లేకపోయినా పర్లేదు.

పెద్దమ్మకు, పాస్టరు గారికి నా వందనాలు. ఏసమ్మ కోసం సంఘంలో ప్రార్థన పెట్టించు, నాకోసం కూడా.

రేపట్నుంచి రోజూ పొద్దున్నే బస్టాండులో మన బస్సు ఆగేచోట నిలబడతాను. నువ్వు దిగేదాకా నిలబడతాను. నాకిక వేరే పనేముంది.

నీ అక్క,
సుగుణ