ముక్కు దగ్గర ఒక చుక్క

బావా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. పాప కోసం నువ్వు మొదలుపెట్టిన కంప్యూటర్ ఆట ఇంకా సగంలోనే ఉంది. ఆఫీసు నుంచి వచ్చి కోటైనా విప్పకుండా కూర్చుని, అందులోని జంతువుల్ని చుక్క చుక్కా పేర్చి గీసేవాడివి. నాకు గీత కూడా తిన్నగా రాదు. ఈరోజు లీసెస్టర్‌లో వాన వదలకపోతే పార్కు మానేసి, నీ పాత బొమ్మలు ఏఐకి చూపించి కొత్త డ్రాగన్‌ని అడిగాను. క్షణంలో ఇచ్చింది. రంగులూ రెక్కలూ అచ్చం నీ చేతివే.

పాప చూసి పెదవి విరిచింది.

"ఇట్ కాన్ట్ బ్రీద్, అమ్మా. నాన్న ఆల్వేస్ లెఫ్ట్ ఎ హోల్."

నిజమే. "వాటికి ఊపిరాడొద్దూ?" అంటూ ప్రతి జంతువుకీ ముక్కు దగ్గర ఒక చుక్క ఖాళీగా వదిలేవాడివి. మళ్ళీ అడిగాను. ఎన్నిసార్లు చెప్పినా, అదేదో పొరపాటన్నట్టు ఏఐ ఆ ఖాళీని పూడ్చేస్తూనే ఉంది.

చివరికి పాపే నా చేతిలోంచి మౌస్ లాక్కుని ఆ ఒక్క చుక్కా చెరిపేసింది. తర్వాత, ఆఖరి రోజుల్లో వార్డులో నీ ఛాతీ మీద పెట్టినట్టే, స్క్రీన్‌కి చెవి ఆనించి చాలాసేపు వింది.