స్విచ్చు మీద టేపు

మంగళవారం రాత్రి, పెందుర్తి

నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. పగలంతా గేటు కాపలా కాసి రాత్రి బడిలో నేర్చుకున్న భాష ఇది. అయితే నేటి విషయంలో తప్పు నాది కాదు.

రోజూ భోజనానికి వెళ్లే ముందు మా లారీ ఆఫీసు కంప్యూటరును స్లీప్‌లో, అంటే నిద్రలో, పెడతాను. తిరిగి వచ్చేసరికి అది పూర్తిగా ఆగిపోయి ఉంటుంది. సేవ్ చేయని లారీల వివరాలన్నీ పోతాయి. "ఏటోయ్ డిగ్రీ బాబూ, నిద్దరపుచ్చమంటే సంపేత్తన్నావ్!" అని మా ఇన్‌ఛార్జి సూరిబాబు గారు నిన్న అందరి ముందూ నవ్వారు. ఇంకోసారి జరిగితే మళ్లీ గేటు కాపలాకు పంపుతానన్నారు.

అందుకే ఈ రోజు స్లీప్‌లో పెట్టి, ఏం జరుగుతుందో చూద్దామని బీరువా చాటున కూర్చుని క్యారియర్ విప్పాను. సూరిబాబు గారు వచ్చారు, తెర నల్లగా ఉండటం చూసి గోడ స్విచ్చు కట్టేశారు!

"అయ్యా, నిద్రలో కూడా దానికి కొంచెం కరెంటు కావాలి," అన్నాను.

"నాను స్టీల్ ప్లాంట్లో రిటైరైనోణ్ని. మిషను ఆగితే మెయిన్ స్విచ్చు తియ్యాల. నాకే సెప్తన్నావేటి?"

ఆ అలవాటు అక్కడ ప్రాణాలు కాపాడి ఉంటుంది, కాదనను. ఇక్కడ నా కుర్చీ తీస్తోంది. గేటు పని తక్కువని కాదు. ఈ కుర్చీ నా చదువు సంపాదించినది. ఆయన చూస్తుండగానే స్విచ్చు వేసి, దాని మీద టేపు అతికించాను.

రేపు ఆయన పీకితే మళ్లీ అతికిస్తాను. గేటుకు పంపితే... పంపనివ్వండి. నా తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారు ముందుగా, టేబులు సొరుగులో ఉంచబోయే ఈ పేజీ చదవాలి. చదివి, సూరిబాబు గారికి వినిపించాలి, గట్టిగా.