కార్డు పట్టే జేబు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ గదికి వచ్చినప్పటి నుంచి కుట్టుమెషిన్ తలుపు పక్కనే ఉంది. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి మోకాలికి కొట్టుకోవడం, దాన్ని తిట్టడం. ఇవాళ కిటికీ కిందికి జరిపాను. గది చిన్నది, జరపడానికి పెద్ద దూరం కూడా లేదు.

నూనె వేశాను. సామాను వ్యాన్ ఎక్కించిన రోజు బుల్లి చెప్పిన మాట అదొక్కటే, మెషిన్‌కి నూనె వెయ్యి, మర్చిపోతావు అని. మెట్ల మీదుగా దాన్ని కిందికి మోసింది కూడా తనే. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

బుల్లి అంటే మా ఆయన చెల్లెలు. మా ఆయన అని రాయకూడదు కదా ఇప్పుడు. విడాకుల కాగితాలు చేతికొచ్చి నెల కావస్తోంది. ఆయన అనాలా, అతను అనాలా? బుల్లి వాళ్లన్నయ్య అని రాస్తాను. సొంత డైరీలో కూడా మొహమాటం, ఏం బతుకో!

ఆ రోజు బుల్లి వదినా అనలేదు. గమనించాను. అత్తయ్య పోయాక రెండు జడలేసుకుని మా ఇంటికొచ్చిన రోజు నుంచి ఆ పిల్ల వదినా అనకుండా నోరు విప్పింది లేదు. వదినా ఆకలి, వదినా నా దువ్వెనేది, వదినా నువ్వు ఉట్టి మొద్దువి. పేరుకే బుల్లి, నాకంటే జానెడు పొడుగు. అలాంటిది ఆ రోజు నూనె సంగతి చెప్పి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఇక నేను దానికి ఏమవుతాను? ఎవర్ని అడగాలి ఇది?

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ సంచి కుట్టాను. విడిపోయాక ఇదే మొదటిది.

నేను కర్టెన్ల షోరూంలో బిల్లింగ్ చేస్తాను. పాతబడిన సాంపిల్ పుస్తకాలు అక్కడ పారేస్తుంటారు. ఒక్కో పుస్తకంలో ఒకే గుడ్డ, రకరకాల రంగుల్లో. ఓనరు నన్నే తీసుకెళ్లమంటాడు, చెత్త మోసే ఖర్మ తప్పుతుందట. వెనక అంటించిన స్టిక్కర్ వేడినీళ్లలో నానబెట్టి ఊడదీయాలి. జిగురుతో గట్టిపడిన అంచు కత్తిరించెయ్యాలి, లేకపోతే సూది విరుగుతుంది. మిగిలిన ముక్క సంచికి ఒక వైపుకే సరిపోతుంది. అందుకే నా సంచులు ముందొక రంగు, వెనకొక రంగు.

ఇవాళ్టిది బూడిదరంగు, పసుపు. రేడియో పెట్టుకుని కుట్టాను. అంచులు మడిచాను, పట్టీలు వేశాను, తిరగేశాను. చూస్తే లోపల జేబు ఉంది. కార్డు జేబు. ఎప్పుడు కత్తిరించానో, ఎప్పుడు కుట్టానో! చేతులకి ఎవరూ విడాకుల సంగతి చెప్పలేదు కాబోలు. అన్నం తిని పడుకుంటాను.

ఫిబ్రవరి 10

బ్లేడు తీసుకున్నాను. జేబు విప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం, మధ్యాహ్నం

ఆ సంచి కింద వాటాలో టీచరమ్మకి ఇచ్చాను. కొత్తగా వచ్చిన నాకు గ్యాస్ స్టవ్ సరిచేయించి పెట్టింది పాపం. సంచి అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకుంది. లోపల జేబు చూసి ఇదెందుకని అడిగింది. ఫోన్ పెట్టి చూసింది, సగం బయటే ఉంది. కళ్లజోడు పెట్టి చూసింది, పట్టలేదు. మరీ ఇంత పొదుపా అమ్మా, ఇంకో రెండు వేళ్లు పెంచితే మీ సొమ్మేం పోయింది అంది. నవ్వి ఊరుకున్నాను. పైకొచ్చాక ఏడుపొచ్చింది.

అది బుల్లి కార్డు కొలత. వేరే దేనికీ పట్టదు.

బుల్లి స్కూల్లో ఉన్నప్పటి మాట. స్నేహితురాలు ఊరు మారిపోతోందని, దానికి కార్డు చేస్తానని కూర్చుంది. బయట వాన, ఇంట్లో రంగు కాగితాల్లేవు. నేను ఆ స్నేహితురాలికే సంచి కుడుతున్నాను. కిందపడ్డ గుడ్డముక్క తీసి కార్డు మీద అంటించింది. జిగురు పైకి ఊరి మచ్చలు పడ్డాయి, ముక్క ముడతలు పడింది. తలకిందులు చేసి చూశాం, అయినా ఘోరంగానే ఉంది. పడీ పడీ నవ్వాం.

తర్వాత కిటుకులు తనే కనిపెట్టింది. జిగురు గుడ్డకి కాదు, అట్టకి రాయాలి. కాస్త ఆరనివ్వాలి. ముక్క అంచుల్లోంచి దారాలు లాగి కుచ్చులా వదలాలి. ముడతలు పోయేలా పైన పౌడర్ డబ్బా దొర్లించాలి. మడత కోసం ఇంకు అయిపోయిన పెన్నుతో గీత గియ్యాలి. ఇంట్లో అయిపోయిన పెన్నుల్ని మాత్రం ఎవరూ పారెయ్యకూడదు, పారేస్తే యుద్ధమే.

అప్పట్నుంచి సంచి నాది, కార్డు బుల్లిది. సంచి లోపల కార్డుకి సరిపడా జేబు. ఎవరింట్లో ఏ సంతోషమొచ్చినా మేం ఇచ్చేది అదే.

ఫిబ్రవరి 27

బుల్లికి చేద్దామని ఫోన్ తీశాను. పెట్టేశాను. నేను చేస్తే సిగ్గులేని మనిషినవుతాను. తను చేస్తే అన్నయ్య పక్షం వదిలేసినట్టవుతుంది. ఇద్దరం బుద్ధిమంతులమే, ఏం లాభం.

మార్చి 2, ఆదివారం

పొద్దున్న జిగురు సీసా మూత తీశాను. ఊరికే, వాసన కోసం. గదంతా ఆ పాత ఇల్లయిపోయింది.

కార్డులు తారుమారైన సంగతి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా పాత మేనేజరు రిటైరయ్యాడు, పక్కింటావిడకి బిడ్డ పుట్టింది, రెండూ ఒకే వారంలో. రెండు సంచులూ ఒకే నీలం గుడ్డ. బుల్లి కార్డులు వేసేటప్పుడు చూసుకోలేదు. ఇక హాయిగా కాళ్లు చాపుకుని పడుకోండి, మీ పని అయిపోయింది అన్న కార్డు బాలింతకి వెళ్లింది. ఇక రాత్రిళ్లు నిద్రుండదు, ఏడుపులకి అలవాటు పడండి అన్నది మేనేజరుకి వెళ్లింది. ఆయన భార్య మాత్రం కార్డు కరెక్టుగానే ఉందందట.

ఆ దెబ్బకి బుల్లి రూలు పెట్టింది. ఏ రెండు సంచులూ ఒక్కలా ఉండకూడదు. ఏ సంచి గుడ్డ ఆ కార్డు మీద ఉండాలి, ముక్క చూసి జతపరచాలి.

ఆదివారాలు ముందుగది నిండా కత్తిరింపులే. బుల్లి వాళ్లన్నయ్య వాటి మధ్య కాళ్లెత్తి అడుగులు వేస్తూ, ఈ కంపెనీలో మనిషి నడవడానికి దారుందా అనేవాడు. అంటూనే ఇద్దరికీ టీ పెట్టిచ్చేవాడు. చెడ్డవాడని రాద్దామన్నా నాకేమీ దొరకడంలేదు. మేం కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. బుల్లికి ఉద్యోగమొచ్చి వేరే గది తీసుకున్నాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు తెలిసింది, అన్నేళ్లూ మేమిద్దరం దానితోనే మాట్లాడుతున్నామని. ఒకరితో ఒకరికి ఏం మాట్లాడాలో రాలేదు. కొన్నేళ్లు ప్రయత్నించాం. తర్వాత మానేశాం.

మార్చి 8, శనివారం, సాయంత్రం ఏడు



దారం కోసం బయల్దేరి పేపర్ షాపు ముందు నుంచి వెళ్లాను. అట్ట, జిగురు బుల్లి ఎప్పుడూ అక్కడే కొంటుంది. షాపాయన పిలిచి స్టూలు వేశాడు. పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఎవరి పెళ్లండీ అనబోయి ఆగాను. మీ మరదలు కట్టలకొద్దీ అట్ట పట్టుకెళ్లింది, మీరింకా దారాల దగ్గరే ఉన్నారా అని ఎకసెక్కమాడాడు. ఆయనకి మా సంగతి తెలియదు. మీ మరదలు అన్నప్పుడల్లా తలూపాను. సరిదిద్దలేదు.

బుల్లి పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. పెళ్లికొడుకు వాళ్లకి ఫ్రేములు సప్లై చేసే అబ్బాయట. అబ్బాయంటే నలభై దాటినవాడే. ఊరందరికీ ఫ్రేములిచ్చి, తన విరిగిన ఫ్రేముకి దారం చుట్టుకుని తిరుగుతాడని బుల్లి తెగ నవ్వేది. ఆ నవ్వు చూసి అప్పుడే అనుకోవలసింది. ఏప్రిల్ మొదటి వారంలో రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లట.

మడత వంకరపోయిందని బుల్లి అక్కడే వదిలేసిన కార్డొకటి షాపాయన చూపించాడు. చుట్టూ పెన్నుతో గీసిన తీగలు, మధ్యలో చదరం ఖాళీ. ఇక్కడేదో గుడ్డ అంటిస్తుందట, ఏ గుడ్డమ్మా అంటే చెప్పలేదు అన్నాడు.

నా పెళ్లికి వచ్చినవాళ్లందరికీ సంచి నీది, కార్డు నాది అని బుల్లి ఎప్పుడో అంది. పెళ్లే చేసుకోనని భీష్మించిన రోజుల్లో అన్న మాటది. ఈ చదరం అలవాటు కొద్దీ వదిలిందా, నా కోసం వదిలిందా? లేక కొత్తగా ఇంకెవరైనా కుడుతున్నారా? దారం కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

మార్చి 9, ఆదివారం

కుడతాను. పిలవకపోయినా కుడతాను. మరదలి పెళ్లికి సంచులు కుట్టకూడదని ఏ జడ్జీ రాయలేదు.

మార్చి 16, ఆదివారం

ఆకుపచ్చ పుస్తకం తీశాను. ఎప్పటి నుంచో దాచుకున్నది. చిలకపచ్చ, సీసాపచ్చ, నాచురంగు, లేతాకు రంగు. ముందువెనకలు మార్చి మార్చి జతచేస్తే ఏ రెండూ ఒక్కలా రావడంలేదు. రోజూ షోరూం నుంచి రాగానే కూర్చుంటున్నాను. నడుం పోతోంది. బాగుంది.

జేబు దగ్గర ఆగిపోయాను. కార్డు జేబు కుడితే, నీ కార్డు నా సంచిలోనే పెట్టాలని పట్టుబట్టినట్టుంటుంది. పట్టుబట్టడానికి ఇప్పుడు నేనెవర్ని? అసలు జేబే లేకపోతే అలిగినట్టుంటుంది. టీచరమ్మ మాట గుర్తొచ్చింది. పొడుగు, వెడల్పు పెంచి ఫోన్ పట్టేలా కుట్టాను. మర్యాదగా ఉంది. బజార్లో అమ్మే సంచిలా ఉంది.

కత్తిరింపులు పారెయ్యబుద్ధి కాలేదు. బిస్కెట్ డబ్బాలో వేసి మంచం కిందికి తోశాను.

మార్చి 22, శనివారం

సంచులు పేపర్ షాపులో ఇచ్చి, బుల్లి వస్తే ఇవ్వమన్నాను. ఒకింట్లో వాళ్లకి మధ్యలో నేనెందుకండీ అన్నాడు షాపాయన. తీరిక లేదన్నాను. ఎవరిచ్చారని చెప్పమంటారు అని ఎగతాళి చేశాడు. కుట్టు చూస్తే తెలుస్తుందన్నాను.

మార్చి 25

ఫోన్ రాలేదు.

మార్చి 28

రాలేదు. షోరూంలో కర్టెన్లు కొన్నాయనకి సోఫా కవర్లు బిల్లు చేశాను. ఓనరు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

మార్చి 30, ఆదివారం, రాత్రి ఎనిమిది

బుల్లి వచ్చింది.

పొద్దున్నే తలుపు దబదబా కొడుతుంటే టీచరమ్మేమో అనుకున్నాను. తీస్తే ఇది, నా సంచులన్నీ మూటకట్టి చంకలో పెట్టుకుని.  తిరిగిచ్చెయ్యడానికి వచ్చిందనుకున్నాను.

మూట మంచం మీద కుమ్మరించి తిట్లందుకుంది. ఇదేం జేబు, మతి గాని పోయిందా అంది. కార్డు వేస్తే బావిలో పడ్డట్టు అడుక్కి పోతోంది, సంచి ఊపితే అడ్డంగా పడుకుంటోంది, ఇన్నేళ్లు కుట్టి నా కార్డు కొలత మర్చిపోయావా అంది. గుడ్డముక్కలేవి, ఆ ఖాళీ చదరాలు అద్దాల్లేని ఫ్రేముల్లా నా మొహం చూస్తున్నాయి, షాపులో రోజంతా అవే, ఇంటికొస్తే అవేనా అంది. ఇంకెవరైనా కుడుతున్నారేమో అనుకున్నానని గొణిగాను. ఇంకెవరు కుడతారు అని ఇంతెత్తున లేచింది. నా జవాబు కోసం ఆగకుండా వంగి, మంచం కింద నుంచి బిస్కెట్ డబ్బా లాగింది. అక్కడుందని దానికి చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లోనూ అక్కడే ఉండేది.

అన్ని తిట్లు తిట్టింది గాని వదినా అనలేదు. ప్రతి తిట్టు చివరా వెతుక్కున్నాను.

రోజంతా నేల మీద కూర్చున్నాం. నేను బ్లేడుతో జేబులు విప్పి కొలతకి కత్తిరించి మళ్లీ కుట్టాను. తను ముక్కల అంచులు లాగింది, జిగురు రాసింది, నా పౌడర్ డబ్బా ఖాళీగా ఉంది, బరువు చాలడంలేదని విసుక్కుంది. పెట్టిన టీ పెట్టినట్టే చల్లారిపోయింది. కాసేపు అచ్చం పాత ఆదివారమే. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైతే ఇద్దరం ఒకేసారి తలెత్తి గుమ్మం వైపు చూశాం. పై వాటా వాళ్లు. మళ్లీ తలలు దించుకున్నాం.

సాయంత్రం స్కూటర్ తాళం వెతుక్కుంటూ, నా మొహం చూడకుండా చెప్పింది. ఎన్నోసార్లు నా నంబరు నొక్కిందట. హలో అన్నాక ఏమని పిలవాలో తెలియక మోగకముందే పెట్టేసేదట. వదినా అంటే నేను బాధపడతానేమోనని భయమట. పేరు పెట్టి పిలుద్దామంటే నాలిక తిరగదట. నిన్నేమని పిలవను అని అడిగింది.

నీ ఇష్టం అన్నాను. తల గోడకేసి కొట్టుకోవాలనుంది. నాకు కావలసింది నోరు తెరిచి అడిగితే ఏం పోయింది?

గుమ్మం దాటుతూ ఆగి, శుక్రవారం పదిన్నరకి రిజిస్ట్రార్ ఆఫీసుకి రా, నా వైపు ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు అన్నయ్య, ఇంకొకరు నువ్వు అంది. ఆలోచిస్తానన్నాను. ఆలోచించు గాని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఆలోచించు అంది.

ఏప్రిల్ 3

వెళ్తే బుల్లి వాళ్లన్నయ్య పక్కన నిలబడాలి. వెళ్లకపోతే బుల్లి పక్కన ఉండను. ఇస్త్రీ చేశాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

పెళ్లయింది.

సాక్షుల దగ్గర క్లర్కు వధువుకి ఏమవుతారని అడిగాడు. అన్ననన్నాడు బుల్లి వాళ్లన్నయ్య. క్లర్కు నా వైపు తిరిగాడు. వదిన, మా వదిన అంది బుల్లి. క్లర్కు రాసుకుని, అయితే మీరిద్దరూ భార్యాభర్తలన్నమాట అన్నాడు.  అప్పుడు బుల్లి వాళ్లన్నయ్య పెన్ను నా వైపు జరుపుతూ, కాదండీ, ఆవిడ మా చెల్లెలికి వదిన అన్నాడు.

సంతకం పెట్టాను.